రుక్మిణి దగ్గర

కంటి ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పించుకుని ఇంటికొచ్చిన ఉప్పలయ్య మొదట అడిగింది చూపు గురించి కాదు.

"పాలాయనకు ఎంత ఇచ్చినవ్?"

"ఇంక ఇయ్యలే. ముందుగాల చెప్పులు ఇడువుండ్రి," అంది రుక్మిణి, మోచెయ్యి పట్టుకుని ఆయన్ను గడప దాటిస్తూ.

నల్లద్దాల్లోంచి ఆయన చూపు నేరుగా హాల్లో మూలనున్న కంప్యూటర్ మీదికి పోయింది. దాని మీద ఉతికిన పంచె ముక్క కప్పి ఉంది. ఆ ఇంట్లో దేవుడి పటాల తర్వాత అంత శ్రద్ధగా దుమ్ము దులిపేది దానికే.

ఉప్పలయ్య మిర్యాలగూడలో సాగర్ కాల్వల ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరై సూర్యాపేటలో సొంతింటికి వచ్చేటప్పుడు తోటివాళ్ళు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. ఒకాయన మాత్రం ఇంటి లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి కంప్యూటర్‌లో ఎక్కించి ఇచ్చాడు. శాలువా బీరువాలో ఉంది. గడియారం ఎప్పుడో ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ మాత్రం రోజూ దీపం పెట్టే వేళకు తెరుచుకుంటుంది. "ఇయ్యాల ఏమేం ఐనయ్?" అని ఆయన అడుగుతాడు. కొత్తిమీర కట్టతో సహా రుక్మిణి అప్పజెప్తుంది. ఆయన అన్నీ వింటాడు, బ్యాంకులోంచి పోయినవే కొడతాడు. ఒకసారి బ్యాంకు లెక్కకూ కంప్యూటర్ లెక్కకూ రూపాయి తేడా వచ్చింది. ఆ రూపాయి దొరికిందాకా ఆయనకు అన్నం సయించలేదు. తన దగ్గరున్న రూపాయి ఇస్తానంది రుక్మిణి. "అట్ల కాదే," అన్నాడాయన, చాలా బాధగా.

ఇప్పుడు వారం దాకా టీవీ, ఫోను, కంప్యూటర్ ముట్టొద్దన్నాడు డాక్టరు. టీవీ లేకపోతే పోయిందనుకున్నాడు ఉప్పలయ్య. కంప్యూటర్ మాటే మింగుడు పడలేదు.

"నేను చెప్త, నువ్వు కొట్టు," అన్నాడు మంచం మీద వెల్లకిలా పడుకుని. "టైపింగు పాసైనవ్ గద."

"టైపింగు పాసైన. గిది పాసుకాలే," అంది రుక్మిణి. కానీ పంచె ముక్క తీసింది.

ఆ తెర ముందు కూర్చోవడం ఆమెకు అదే మొదలు. దాని ముందు నిలబడటం మాత్రం కొత్త కాదు. పోయిన వారమే నిలబడింది. కోదాడలో ఆమె చెల్లెలు హైమ కొత్త ఇల్లు కట్టుకుంది. వచ్చే శుక్రవారం గృహప్రవేశం. ఆడబిడ్డ కొత్తింట్లో అడుగుపెడితే పుట్టింటివాళ్ళు బట్టలు పెట్టి ఒడిబియ్యం పొయ్యాలి. మిర్యాలగూడలో వాళ్ళ పుట్టిల్లు ఇప్పుడు ఎవరిదో. అమ్మానాన్నలు లేరు. అన్నదమ్ములు మొదటినుంచీ లేరు.

"మనం పోద్దాం," అంది ఆరోజు రుక్మిణి. "నేను పెద్దదాన్ని గద. మనం ఆలుమగలం ఇద్దరం నిలబడి పోస్తే దానికి పుట్టిల్లు ఉన్నట్టే."

ఉప్పలయ్య కాదనలేదు. కాదనడం ఆయనకు చేతకాదు. తెర ఆమె వైపు తిప్పాడంతే. పుచ్చకాయ కోసి పెట్టినట్టు గుండ్రంగా ఒక బొమ్మ ఉంది. అందులో ఎర్ర ముక్క సగం దాటింది. దాని పక్కన 'రుక్మిణి' అని రాసి ఉంది.

"నేనంటలేను, లెక్క అంటున్నది. సగం కంటె ఎక్కువ నీ ఖర్చే. ఇంక చీరె, ధోవతి, బియ్యం, కారు కిరాయి అంటే ఏడ పెట్టాలె, నువ్వే చెప్పు."

రుక్మిణి ఆ ఎర్ర ముక్కను చాలాసేపు చూసింది. తానింత తిన్నదా అనుకుంది. పొయ్యి మీద పప్పు మాడుతోందని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు.

*

శనివారం పాల బిల్లు కొట్టింది. అది ఆదాయంలో పడింది. కంప్యూటర్ ఆకుపచ్చ రంగులో సంతోషపడింది. తీసేయబోతే కరెంటు బిల్లు పోయింది.

"ఏమైంది?" అన్నాడు లోపల్నుంచి ఉప్పలయ్య.

"ఏం కాలే. పాలు అమ్మి పైసలు సంపాయించినం."

మంచం కిర్రుమంది. "నేనొస్తున్న."

"లేస్తే డాక్టరుకు ఫోన్ చేస్త. పైన దీవెనను పిలుస్త."

దీవెన పై వాటాలో కిరాయికుంటుంది. ఊళ్ళోనే జూనియర్ కాలేజీలో కామర్సు చెప్తుంది. భర్త డేవిడ్‌కు దామరచర్ల పవర్ ప్లాంటులో పని, సెలవుకు వచ్చి పోతుంటాడు. దీవెన కాలేజీ చీర కూడా మార్చుకోకుండా దిగొచ్చింది. స్టూలు లాక్కుని రుక్మిణి పక్కన కూర్చుంది, మౌస్ తను ముట్టుకోకుండా.

"మీరే పట్టుకోండి ఆంటీ. నేను చేస్తే మళ్ళ రేపు నన్నే పిలుస్తరు."

"పిలిస్తే ఏమైతది? చాయ్ తాగి పోతవు."

"చాయ్ ఎట్లయినా తాగుత."

కరెంటు బిల్లు వెతికి పట్టుకున్నారు. పాలు ఖర్చులోకి వచ్చాయి. తర్వాత దీవెన తెరను పైకి జరిపిస్తూ పోయి ఒక చోట ఆగమంది. ప్రతి నెలా మొదటి తారీఖున ఒకే వరస కనపడుతోంది. బ్యాంకులోంచి తీసిన డబ్బు, పక్కన ఖర్చు అని, దాని పక్కన రుక్మిణి అని.

"ఆంటీ, ప్రతి నెల ఒకేసారి ఇంతగనం ఏం కొంటున్నరు?"

రుక్మిణి కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "అంకుల్ నన్నే కొంటున్నడేమో."

దీవెన నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయి ఇంట్ల ఖర్చుకు నా చేతికిచ్చే పైసలే," అంది రుక్మిణి. "బియ్యం, నూనె, గ్యాసు, అన్నీ అండ్లనే."

"మరి మీ చేతికిస్తే ఖర్చైనట్టు ఎట్లైతది?"

"చేతిలకెంచి పోతే ఖర్చే గద."

"కాదు ఆంటీ." దీవెన క్లాసులో చెప్పేటప్పటిలా వేలు ఎత్తింది. ఎత్తినందుకు సిగ్గుపడి దించేసింది. "కుడి జేబుల పైసలు ఎడమ జేబుల పెట్టుకుంటే ఖర్చైనట్టా? జాగ మారినయ్ అంతే. అందుకే ఈడ ఎదురుబొదురు బాణాల గుర్తున్నది, సూడుండ్రి. ట్రాన్స్‌ఫర్. అంకుల్ దాన్ని ఒక్కసారి గూడ నొక్కలే. మీ దగ్గర పైసలు ఉన్నట్టు ఒక ఖాతా తెరవాలె. అండ్లకెంచి ఏది కొంటే అది ఖర్చు."

"ఖాతాకు పేరు ఏం పెట్టాలె?"

"మీ ఇష్టం."

రుక్మిణి కాసేపు ఆలోచించి, పది వేళ్ళతో, తెర వైపు చూస్తూ కొట్టింది: రుక్మిణి దగ్గర.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చాక దీవెన మళ్ళీ దిగింది. రుక్మిణి కిరాణా చీటీలున్న సంచి తెచ్చి కంప్యూటర్ పక్కన బోర్లించింది. మందుల షాపు కాగితాలు, గ్యాసు రసీదులు, ఫోనులో పంపిన డబ్బుల మెసేజులు. మూడు నెలల వరకే విడగొడదామన్నారు. దీవెన చదువుతుంటే రుక్మిణి కొడుతోంది. టైపింగు సెంటరు వదిలాక ఇన్నేళ్ళకు ఆ వేళ్ళకు పనొచ్చింది. మొదట తడబడ్డాయి. తర్వాత పేలాలు వేగినట్టు ఒకటే చప్పుడు.

లోపలి గదిలో ఉప్పలయ్యకు చూడటానికి లేదు, వినడానికి మాత్రం అడ్డేమీ లేదు.

"ఏం కొడుతున్నరు అంతసేపు?"

"మీ బీపీ గోళీలు," అంది రుక్మిణి.

కాసేపటికి, "ఇంక ఏం కొడుతున్నరు?"

"ఆదివారాల చికెను."

"అది అందరం తింటం."

"నేను శాకాహారం మొదలువెట్టి ఐదేండ్లాయె."

దీవెన తర్వాతి చీటీ మెల్లగా చదివింది. "అంకుల్ పేపరు బిల్లు."

"కొట్టిన."

"బాత్రూములో నల్లా బాగు చేసిన ప్రశాంత్‌కు."

"కొట్టిన."

"అంకుల్ దోస్తులు ఇంటికొచ్చిన రోజు బిస్కెట్లు, మిక్చరు."

ఆ చీటీకి రుక్మిణి ఆగింది. గదివైపు చూసి, గొంతు కొంచెం పెంచి, "అతిథి మర్యాద అని రాద్దాం," అంది. "పేరన్నా గొప్పగ ఉంటది."

ఆయన కంట్లో చుక్కల మందు వేసే వేళ అయింది. రుక్మిణి లేచి చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళింది. ఉప్పలయ్య అలవాటుగా తల వెనక్కి వాల్చాడు. ఆమె కింది రెప్పను వేలితో లాగి ఒక చుక్క వేసింది. చుక్క పడగానే ఆయన చిన్నపిల్లాడిలా ముఖం ముడుచుకుంటాడు. ఆ ముడతలు పోయేదాకా నుదుటి మీద అరచెయ్యి ఉంచడం ఆమెకు ఈ నాలుగు రోజుల్లోనే అలవాటైంది.

"దీవెన మంచిగ చెప్తున్నదా?" అన్నాడు కళ్ళు మూసుకునే.

"మంచిగనే చెప్తున్నది."

"తప్పులేమన్న దొరికినయా?"

"తప్పులు గాదు, జాగలు మారినయ్," అంది రుక్మిణి. చుక్కల సీసాకు మూత పెట్టింది.

*

సోమవారం సాయంత్రానికి పని అయిపోయింది. ఇప్పుడు ఆ మూడు నెలల పుచ్చకాయ బొమ్మలో రంగురంగుల ముక్కలున్నాయి. తిండి, మందులు, కరెంటు, ఇల్లు, అతిథి మర్యాద. రుక్మిణి అన్న ముక్క కోసం ఇద్దరూ వెతికారు.

"గీ సన్న గీత అనుకుంట ఆంటీ. పెద్దగ చేసి సూడాలె."

పెద్దగా చేస్తే కనపడింది. ఒక బొట్టుబిళ్ళల ప్యాకెట్టు, చెప్పులు కుట్టించిన కూలి, హైమకు జ్వరం వచ్చినప్పుడు కోదాడ వెళ్ళిన రోజు దారిలో తాగిన చాయ్. బస్సుకు టికెట్టు లేదు, ఆడవాళ్ళకు ఫ్రీ కదా.

గెలిచినట్టు అనిపిస్తుందనుకుంది రుక్మిణి. అనిపించలేదు. ఎవరో తీసిన ఫోటోలో తన మెడ ఎముకలు కనపడ్డట్టు అనిపించింది. కొంగు భుజం మీదికి లాక్కుంది.

దీవెన ఆ మాట మళ్ళించడానికే అన్నట్టు తెర మీద ఇంకో చోట చూపించింది. "అన్నీ పోను, 'రుక్మిణి దగ్గర' ఇంకా ఇంత ఉన్నట్టు చూపెడుతున్నది. ఏదన్న మరిచిపోయినమా?"

రుక్మిణి లోపలి గది వైపు చూసింది. మరిచిపోయిందేమీ లేదని దీవెనకు అర్థమైంది.

"ఎవ్వరికీ తెల్వదా ఆంటీ?"

"ఖర్చైన పైసలు గద. ఖర్చైనయి ఏడున్నయని ఎవరడుగుతరు?" రుక్మిణి గొంతు తగ్గించింది. "కూరగాయల కాడ కొంచెం, కిరాణా కాడ కొంచెం. ఇన్నేండ్లల్ల అదొక్కటే నా జాగ."

ఆయన తప్పుడు లెక్కలో ఆ జాగా భద్రంగా ఉండింది. ఒప్పు లెక్క దాని మీద లైటు వేసింది. దీవెన తలుపు వైపు చూసి ఆమె చెవి దగ్గరికి వంగింది.

"ఇతర ఖర్చులు అని ఒకటి కొట్టేస్తే సున్నా అయితది ఆంటీ. నేను క్లాసుల ఈ మాట చెప్పను, ఇంట్లనే చెప్తున్న."

రుక్మిణి వేళ్ళు మీటల మీద పెట్టింది. ఆ డబ్బుతో హైమకు మంచి చీరే వస్తుంది. బ్యాగులో పెట్టుకుని ఒక్కతే బస్సెక్కి వెళ్ళి, ఎవరూ చూడకుండా చేతిలో పెట్టి రావచ్చు. చీరంటే దొంగతనంగా పెట్టొచ్చు. ఒడిబియ్యం దొంగతనంగా పొయ్యలేరు. దానికి నలుగురు చూడాలి. పక్కన ఆయన నిలబడి రెండు దోసిళ్ళు పట్టాలి. ఆ రెండు చేతులు ఆ డబ్బుకు రావు.

"మా అమ్మ గూడ పోసింది నాకు," అంది దీవెన ఉన్నట్టుండి. "ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, అన్నీ. పాస్టరు గారికి మాత్రం చెప్పలే."

రుక్మిణి నవ్వింది. చేతులు మీటల మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఉండనీ బిడ్డ. ఉన్నది ఉన్నట్టు ఉండనీ."

*

బుధవారం డాక్టరు చూసి బాగుందన్నాడు. కొంచెంసేపైతే కంప్యూటర్ చూసుకోవచ్చన్నాడు. ఉప్పలయ్య ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని నేరుగా కుర్చీలో కూర్చున్నాడు. రుక్మిణి వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తోంది. హాల్లోంచి మౌస్ చప్పుడు వస్తోంది. ఒకటి. ఆగి ఇంకొకటి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చిక్కుళ్ళు అయిపోయాయి. ఒలిచిన తొక్కల్నే మళ్ళీ ఏరుతూ కూర్చుంది.

"రుక్మిణీ."

చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఈ బొమ్మల నువ్వేడున్నవ్?"

"పెద్దగ చేసి సూడుండ్రి."

చేశాడు. బొట్టుబిళ్ళలు, చెప్పులు, చాయ్ చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత ఆయన వేలు 'రుక్మిణి దగ్గర' మీదికి పోయింది. "గీ మిగిలినయి?"

"నా దగ్గరున్నయ్."

"నాకు చెప్పలే."

"మీరు ఖర్చు రాసుకున్నరు. అయిపోయిన పైసలకు నేనేం చెప్పాలె?"

"చేతిలకెంచి పోయినంక ఖర్చే గద," అన్నాడు.

రుక్మిణి కొట్లాటకు రాలేదు. చుక్కల సీసా ఎక్కడుందా అని చూస్తోంది. టీవీ పక్కన దొరికింది. మూత తీస్తూ అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టే. "పెద్ద కాల్వ కెంచి పొలాలకు పొయ్యే మేజర్‌కు నీళ్ళు ఇడుస్తుంటిరి గద. అయి మీ ఆఫీసుల ఏం రాస్తుంటిరి? నష్టమని రాస్తుంటిరా?"

ఉప్పలయ్య నోరు తెరిచాడు. ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరొకాయన అలాగే రాస్తే, పొలాలకు పోయిన నీళ్ళు పోయిన నీళ్ళెట్లయితయి సార్ అని అందరి ముందూ నిలదీసింది తనే. ఇంటికొచ్చి ఆ ముచ్చట ఈమెకు చెప్పిందీ తనే. అన్నం తినడం కూడా మరిచి చెప్పాడు.

తల వెనక్కి వాల్చాడు. ఆమె రెప్ప లాగి చుక్క వేసింది. ఈసారి ముఖం ముడుచుకోలేదు. చుక్క చెంప మీదికి జారింది. అది మందో ఇంకేమన్నానో రుక్మిణి అడగలేదు. కొంగుతో తుడిచింది.

*

గురువారం పొద్దున లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. నల్లద్దాలు లేవు. ఫోను మాత్రం చార్జింగులో ఉంది. దీవెనను అడిగితే, అంకుల్ బస్టాండు వైపు పోయిండు ఆంటీ, దస్తీ ముక్కుకు కట్టుకొని, అంది. అలిగి ఎవరి దగ్గరికైనా వెళ్ళాడేమో అనుకుంది రుక్మిణి. చుక్కల వేళ దాటుతున్నకొద్దీ ఆ సీసా చేత్తో పట్టుకుని వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగింది. ఆ డబ్బు సంగతి దాచిపెట్టి ఉంటే ఈపాటికి ఆయన ఇంట్లోనే ఉండేవాడు. ఆ మాట ఒకటికి రెండుసార్లు మనసులోకి వచ్చింది.

మధ్యాహ్నానికి ఆటో ఆగింది. ముందు ఒక బియ్యం సంచి దిగింది. దాని వెనక ఉప్పలయ్య దిగాడు.

"ఏడికి పోయిండ్రు? కంట్ల దుమ్ము పడితే?"

"అద్దాలున్నయ్ గద." సంచి గడప లోపలికి జరుపుతూ ఆయాసపడ్డాడు. "మిర్యాలగూడ పోయిన. మన ఎరికున్న మిల్లులనే. విరుగు లేకుండ పట్టించిన."

"సూర్యాపేటల బియ్యం దొర్కయా?"

"దొర్కుతయి." ఆయన ముక్కుకు కట్టుకున్న దస్తీ విప్పి మడతపెట్టాడు, మడత మీద మడత. "పుట్టింటి బియ్యం పుట్టిన ఊరి కెంచి రావాలె గద."

రుక్మిణి సంచి మూతి దారం విప్పింది. దోసిట్లోకి కొన్ని తీసుకుని చూసింది. తెల్లగా, పొడుగ్గా, ఒక్కటి విరగలేదు. చూసినంతసేపూ తల ఎత్తలేదు.

"బియ్యం నేను తెచ్చిన," అన్నాడు ఉప్పలయ్య. "చీరె నీ దగ్గరున్న పైసలతోని పెట్టు. బావ ఏం పెట్టిండని రేపు హైమ అడిగితే చెప్పాలె గద, అందుకే ముందు చెప్తున్న."

"కండ్లు మూసుకోండ్రి. చుక్కల వేళ దాటింది," అంది రుక్మిణి.

*

కోదాడలో కొత్తింటి ముందు షామియానా వేశారు. సున్నం వాసనా సాంబ్రాణి వాసనా కలిసిపోయాయి. పాలు పొంగాయి. భోజనాలకు ముందు ముత్తైదువల మధ్య హైమ పెద్దత్త గట్టిగానే అడిగింది, అందరికీ వినపడాలని. "ఒడిబియ్యం ఎవరు పోస్తారమ్మా మరి? పుట్టింటి వాళ్ళు ఎవరూ లేరు కదా. పోనీ మేమే పోసేద్దాం."

హైమ ముఖం చిన్నబోయింది. పీట మీద కూర్చోబోతున్నదల్లా ఆగింది.

"ఉన్నం గదమ్మా," అన్నాడు ఉప్పలయ్య గుమ్మంలోంచి. నల్లద్దాలు, కొత్త ధోవతి, భుజం మీద సంచి. ఇంట్లో కూడా అద్దాలు తియ్యలేదు కాబట్టి చూడటానికి కొంచెం రౌడీలాగే ఉన్నాడు. "జర ఆలస్యమైంది. దారిల మా ఆమె కుడుకలు ఏరుకుంట కూసున్నది."

కుడుకలు ఏరింది ఆయనే. రుక్మిణి ఆ మాట అనలేదు.

పసుపు కలిపిన బియ్యాన్ని పళ్ళెంలో పోశారు. హైమ కొంగు పట్టింది. ముందు రుక్మిణి పోసింది. తర్వాత ఉప్పలయ్య వంగాడు. వంగొద్దని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మరదలి ముందు బావ అలా కూర్చోవడం చూసి ఒకరిద్దరు నవ్వారు. ఆయన దోసిలి నిండా బియ్యం తీసుకుని, ఒక్క గింజ కింద పడకుండా, తూము దగ్గర నీళ్ళు వదిలినంత జాగ్రత్తగా పోశాడు.

"బావా, కన్ను," అంది హైమ ఏడుస్తూ.

"కన్నుకేమైంది? ఇప్పుడే మంచిగ కనపడుతున్నది."

ఆనవాయితీ ప్రకారం హైమ తన ఒళ్ళోంచి ఐదు పిడికిళ్ళు తీసి రుక్మిణి కొంగులో తిరిగి పోసింది, పుట్టిల్లు చల్లగా ఉండాలని. రుక్మిణి కొంగు మూట కట్టింది. సూర్యాపేట వచ్చేదాకా ఆ ముడి మీదినుంచి చెయ్యి తియ్యలేదు.

ఇంటికొచ్చి దీపం పెట్టేసరికి ఉప్పలయ్య కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రుక్మిణి వెనక నిలబడింది. చీర ఆమె ఖాతాలోంచి ఖర్చు రాశాడు. కారు కిరాయి రాశాడు. బియ్యం దగ్గరికి వచ్చి ఆగాడు. ఖర్చు మీద పెట్టిన బాణాన్ని తీసి, ఎదురుబొదురు బాణాల గుర్తు మీద పెట్టి నొక్కాడు. ఎక్కడికి అని అడిగింది కంప్యూటర్. కొత్త ఖాతా తెరిచాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒకే వేలితో కొట్టాడు: హైమ పుట్టిల్లు.

ఆ ఖాతాలో మొదట ఉన్నది ఎంత అని అడిగింది కంప్యూటర్. ఉప్పలయ్య వెనక్కి తిరిగి రుక్మిణిని చూశాడు.

ఆమె కొంగు ముడి మీద చెయ్యి వేసుకుంది. "ఐదు పిడికిళ్ళు."

ఆ గడిలో అంకెలు తప్ప పట్టవు. ఉప్పలయ్య కాసేపు ఆలోచించి ఐదు కొట్టాడు.

అప్పటినుంచీ ఆ ఇంటి లెక్కలో ఐదు రూపాయలు ఎక్కువొస్తున్నాయి. రోజూ దీపం పెట్టే వేళకు ఆయన ఆ తేడా చూస్తాడు. చూసి, కంప్యూటర్ మీద పంచె ముక్క కప్పి, అన్నం తినడానికి లేస్తాడు.